చివరి పేజీ జర్కాసి

జర్కాసి ఏ పుస్తకాన్నీ మొదటి నుంచి చదవడు. ముందు చివరి పేజీ తీస్తాడు. అందులో ఎవరూ చావలేదనీ, మునగలేదనీ, తప్పిపోలేదనీ రూఢి చేసుకున్నాకే మొదటి పేజీకి వస్తాడు. బంజర్మసిన్ పట్టణంలో కుయిన్ ఏటి పొడవునా నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందరికంటే బాగా తెలిసింది మాత్రం రుస్దియాకి. ఆ పుస్తకాలన్నీ ఆమెవే మరి.

రుస్దియా ముప్పై రెండేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. ఉద్యోగం అయిపోయాక, ఏటిమీదికి ఉన్న తన వసారాలో మూడు బీరువాలు పెట్టి పఠనాలయం తెరిచింది. చాపలు పరిచింది. ఎవరైనా రావచ్చు, ఏ పుస్తకమైనా ఇంటికి పట్టుకెళ్ళొచ్చు.

జర్కాసి అక్కడికి తొలిసారి వచ్చినప్పుడు పడవ కట్టే గుంజే నడిచి వచ్చిందేమో అనిపించింది ఆమెకు. అంత మనిషి. గుమ్మంలో వంగి లోపలికొచ్చాడు. మీసాలు రెండు చెవుల దాకా ఉన్నాయి. వీపున గుడ్డలో తొమ్మిది నెలల కూతురు మాస్నా. అతని నడుముకి ఒక తాడు. ఆ తాడు రెండో కొస బయట పడవకి కట్టి ఉంది.

ఆ తాడెందుకని అడిగింది రుస్దియా. పిల్ల నీళ్ళలో పడితే తను కూడా పడాలట, తను పడితే పడవ ఆపాలట. మరి పడవ మునిగితేనో అని ఆమె అడగబోయి, అతని మొహం చూసి ఊరుకుంది.

అతనికి లేని భయం లేదు. ఉరుమంటే భయం, బల్లి పలికితే భయం, నిశ్శబ్దంగా ఉంటే మరీ భయం. పదిమంది ఎక్కే ఇంజను పడవలో నీళ్ళలో పడ్డా మునగనివ్వని తేలుడు చొక్కాలు ఇరవై రెండు పెట్టుకున్నాడు. వాటికే చోటంతా పోయి, ఎక్కినవాళ్ళు వాటిమీదే కూర్చునేవాళ్ళు. భార్య జుబైదా పొద్దు పొడవకముందే కూరగాయల పడవ వేసుకుని నీటిమీది సంతకు వెళ్తుంది. ఆమె తిరిగొచ్చేదాకా పిల్ల ఇతని దగ్గరే, పడవలోనే. రోజూ పిల్లకి చదివి వినిపిస్తే బుర్ర పదునెక్కుతుందని టీకాలు వేసే నర్సు చెప్పిందట. అందుకే వచ్చాడు.

రుస్దియా ఎనిమిది పేజీల బొమ్మల పుస్తకం ఒకటి తీసిచ్చింది. అతను దాన్ని పాముబుట్టలా దూరంగా పట్టుకున్నాడు.

"పిన్నీ, ఇందులో ఎవరికీ ఏం కాదు కదా?"

"తాబేలు సంతకెళ్తుంది జర్కాసీ. అంతే."

"తిరిగొస్తుందా?"

"చదివితే తెలుస్తుంది."

"అట్టా కాదు పిన్నీ. ముందు చెప్పు, తర్వాత చదువుతా."

అలా మొదలైంది. ఆ తర్వాత రెండేళ్ళలో అతను చదివినన్ని పుస్తకాలు ఆ ఏటి ఒడ్డున ఎవరూ చదవలేదు. పడవ ఎక్కేవాళ్ళకోసం ఆగినప్పుడల్లా ఒకచేత్తో పుస్తకం, ఒకచేత్తో పిల్ల. జింకలు, కోతులు, మొసళ్ళు అయిపోయాయి. రాజుల కథలు అయిపోయాయి. పిల్లల పుస్తకాలు అందకపోతే పెద్దవాళ్ళవి పట్టుకెళ్ళేవాడు. వంటల పుస్తకం చివరి పేజీలో చేపల పులుసు ఉందని దాన్ని చూపుడువేలితో వెనక్కి నెట్టేశాడు. ఇంజను బాగుచేసుకునే పుస్తకం తీసుకెళ్ళి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. చివర్లో 'ఇవన్నీ చేసినా నడవకపోతే కొత్త ఇంజను కొనుక్కోండి' అని ఉందట. అప్పటిదాకా అంత శ్రమపడ్డ పాత ఇంజను గతేమిటని రెండ్రోజులు అన్నం సయించలేదని జుబైదా వచ్చి చెప్పింది.

మాస్నా మాత్రం తండ్రికి పూర్తిగా ఎదురు. తొమ్మిదో నెలలో తాబేలు పుస్తకం మూల కొరికి మింగింది. ఏడాదికి పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, పడవలో ఎక్కినవాళ్ళందరికీ ఏదో భాషలో గట్టిగా చదివేది. ఏడాదిన్నరకి ఆమెకు రెండే మాటలు బాగా వచ్చు. ఒకటి 'అబా', అంటే నాన్న. రెండోది 'మళ్ళీ'. బాతుల పెంపకం పుస్తకాన్ని వాటేసుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. బాతుల రోగాల పేజీ వస్తే చప్పట్లు కొట్టేది.

మొసలి పేజీ అంటే మరీ ప్రాణం. మొసలి నోరు తెరిచిన చోటికి రాగానే జర్కాసి పిల్లని ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులూ చుట్టేసి, ఒక కన్ను మూసుకుని గబగబా చదివేవాడు. మాస్నా నింపాదిగా తండ్రి వేళ్ళు విడదీసి, మొసలి పళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకుని, "మళ్ళీ" అనేది. ఒకరోజు పదకొండుసార్లు చదివించింది. లేచేసరికి అతని చొక్కా ఏట్లో ముంచి తీసినట్టుంది.

ఇదంతా రుస్దియాకి నచ్చేది కాదు. చివర ముందే తెలిసిపోతే కథలో రుచేముందని ఎన్నోసార్లు మందలించింది. రుచి సంగతి తనకు తెలియదని, దడ సంగతి తెలుసని అతను అనేవాడు. విసుగెత్తి ఒకసారి ఆమె చిన్న కొంటెపని చేసింది. చివరి పేజీ ఊడిపోయిన పిల్లి కథ ఒకటి మూల పడి ఉంటే, అదే తీసి అతని చేతిలో పెట్టింది. చేపల పడవలో నిద్రపోయిన పిల్లి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అక్కడితో పేజీలు అయిపోయాయి.

గంటలో తిరిగొచ్చాడు, మొహం పాలిపోయి. పిల్లి ఏమైందని అడిగాడు. తనకూ తెలియదంది రుస్దియా. అతను వెంటనే పడవ తిప్పుకుని ఊళ్ళోని పెద్ద గ్రంథాలయానికి వెళ్ళాడు. అక్కడ లేదు. పాత పుస్తకాల అంగళ్ళు రెండు తిరిగాడు. ఈలోగా సంగతి ఏరంతా పాకింది. బియ్యం కొట్టు ముసలమ్మ దగ్గర్నుంచి మసీదు ఊడ్చే తాత దాకా, పిల్లి ఏమైందని రుస్దియా గుమ్మం ముందాగి అడగడం మొదలుపెట్టారు. పొద్దు వాలుతుండగా ఇంజను చప్పుడు వినబడింది. ఎక్కడో సంపాదించిన అదే పిల్లి పుస్తకం పట్టుకుని, జర్కాసి పడవలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"బతికే ఉంది పిన్నీ. ఇంటికొచ్చేసింది."

చెక్క బాటల మీద నిలబడ్డవాళ్ళంతా అమ్మయ్య అనుకున్నారు. రుస్దియాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

ఆ ఏడు వానలు మొదలైన నెలలో, బరితో నది అవతలి ఒడ్డున ఒక బడివాళ్ళు పెట్టె నిండా పిల్లల పుస్తకాలు ఇస్తామని కబురు పంపారు. రుస్దియా నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని జర్కాసి పడవలోనే వెళ్ళింది. మాస్నా ఎలాగూ ఉంది. బయల్దేరేముందు అతను ఒక్కొక్కరికీ రెండేసి తేలుడు చొక్కాలు తొడిగాడు. పిల్లలు గుమ్మడికాయల్లా కూర్చున్నారు.

వెళ్ళడం బాగానే వెళ్ళారు. తిరుగు దారిలో నది మధ్యకొచ్చేసరికి ఆకాశం నల్లబడింది. బరితో అంటే కుయిన్ ఏరు కాదు. ఒడ్డు నుంచి ఒడ్డు కనబడీ కనబడనట్టు ఉంటుంది. గాలి లేచింది, వాన అడ్డంగా కొట్టింది, అలలు పడవ అంచు దాటి లోపలికొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఇంజను గుక్క తిప్పుకోలేనట్టు మూలిగి ఆగిపోయింది. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క మోపులు మోపులుగా నీళ్ళలోని ఇంజను రెక్కలకి చుట్టుకుంది.

ఎగువ నుంచి బొగ్గు బార్జి వస్తోంది. కొండంత నల్లటి ముద్ద. దాన్ని లాగే పడవ వాళ్ళకి ఈ వానలో చిన్న పడవ కనబడుతుందో లేదో.

రుస్దియా మొదట చూసింది జర్కాసి మొహం వైపే. ఈ మనిషి ఇప్పుడు ఏడుస్తాడనుకుంది.   వణికే చేతులతోనే అతను నడుము తాడు విప్పి పిల్లని ఆమె మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టి, తెడ్డు ఆమెకిచ్చాడు.

"పిన్నీ, పడవ ముక్కు అలలకి ఎదురుండాలి. అడ్డం తిరగనివ్వకు. నే చెప్పిందాకా ఆపకు."

అరవై రెండేళ్ళలో రుస్దియా తెడ్డు పట్టింది లేదు. పట్టింది. అతను కత్తి పళ్ళ మధ్య కరుచుకుని వెనక అంచుమీద బోర్లా పడుకుని, తలా భుజాలూ నీళ్ళలోకి దించాడు. అల వచ్చినప్పుడల్లా నడుము దాకా మునిగిపోతున్నాడు. పైకొచ్చి గాలి పీల్చి మళ్ళీ మునుగుతున్నాడు. పిల్లలు నలుగురూ ఏడుపు ఎత్తుకున్నారు. బార్జి కూత వినబడింది, చాలా దగ్గరగా.

మాస్నా ఏడవలేదు. మెడ చాచి తండ్రి కాళ్ళ వైపు చూసింది.

"అబా, ఎవరికీ ఏం కాదు కదా?"

అతను తల పైకెత్తాడు. మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. రుస్దియా ప్రాణం బిగబట్టుకుని చూసింది. ఏం కాదమ్మా అని ఒక్క మాటంటే చాలు, పిల్లలు నలుగురూ ఊరుకుంటారు.

"ఆ పేజీ ఇంకా చూళ్ళేదమ్మా," అన్నాడు జర్కాసి. "నాకూ భయంగానే ఉంది. అబా ఇక్కడే ఉన్నాడు, కోస్తున్నాడు. నువ్వు ఈ నానమ్మని గట్టిగా పట్టుకో."

మళ్ళీ మునిగాడు. ఎందుకో తెలియదు, పిల్లల ఏడుపు తగ్గింది. మాస్నా రుస్దియా మోకాలిని వాటేసుకుంది. పక్కనున్న పిల్ల మాస్నాని వాటేసుకుంది. ఆ పిల్లని మిగతావాళ్ళు. రుస్దియా తెడ్డు వేస్తూనే ఉంది. చేతులు తనవి కానట్టే ఉన్నాయి.

రెండోసారి కూత వినబడ్డప్పుడు గుర్రపుడెక్క కట్ట ఒకటి తెగి పక్కకి కొట్టుకుపోయింది. జర్కాసి లోపలికి దొర్లి ఇంజను తాడు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారికి దగ్గి, అందుకుంది. బార్జి వెనక రేగిన అల వాళ్ళ పడవని ఎత్తి పడేసింది కానీ, అప్పటికి వాళ్ళు దాని దారిలో లేరు.

కుయిన్ ఏట్లోకి మళ్ళాక జర్కాసి ఇంజను తగ్గించి, పడవ అంచు పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు.  రుస్దియా తన తలగుడ్డ పిండి అతని మొహం తుడిచింది. పిల్లకి ఏం కాదని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అని మెల్లగా అడిగింది.

"తెలీకుండా ఎట్టా చెప్తాను పిన్నీ?" అన్నాడు. "పుస్తకమైతే చివర ముందే చూస్తా. అప్పుడు మొసలి నోరు తెరిచిన కాడ, భయపడకమ్మా, ఏం కాదులే అంటే అది నిజమే అవుతుంది. తెలీకుండా అంటే అబద్ధమేగా. దాని దగ్గర అబద్ధమాడితే, రేపు నా మాట నమ్ముద్దా?"



ఇల్లు చేరాక కొత్త పెట్టె విప్పితే సగం పుస్తకాలు తడిసి ఉన్నాయి. మర్నాడు ఎండ కాసింది. వాటిని వసారాలో ఆరబెడుతూ, పనిలోపనిగా బీరువాల్లోని పాత పుస్తకాలు కూడా దులుపుదామని దించింది. ఏనుగు కథ తెరవగానే ఆమె బడిపంతులమ్మ రక్తం మరిగింది. ఎవరో పేజీ మూల పెన్సిలుతో రాశారు. ముత్యాల్లాంటి చిన్న అక్షరాలు. రబ్బరు తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

'ఇక్కడ పిల్లని ఒళ్ళోకి తీసుకోవాలి.'

ఇంకో పుస్తకం తీసింది. 'ఇక్కడ ఉరుము ఉంది. మెల్లగా చదవండి.' ఇంకోటి. 'అమ్మ కనబడదు. తొమ్మిదో పేజీలో దొరుకుతుంది, ముందే చెప్పెయ్యండి.' మాస్నాకి ఇంకో ఐదేళ్ళకి గానీ అర్థంకాని పుస్తకాల్లో కూడా ఉన్నాయి. చదువు అంతంతమాత్రం వచ్చిన తల్లులు, చేపలు అమ్మి వచ్చి కునికిపాట్లు పడుతూ పిల్లలకి చదివే తండ్రులు, వాళ్ళందరికంటే ముందు ఆ భయాలన్నీ జర్కాసి తనొక్కడే పడి, ఎక్కడెక్కడ పిల్లని పట్టుకోవాలో రాసిపెట్టాడు. రెండు బీరువాలు పూర్తయ్యాయి. మూడోది సగంలో ఉంది.

రుస్దియా చాపమీద చతికిలబడి సాయంత్రం దాకా అవే చదువుకుంది. రబ్బరు ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు.

అడుగున పెద్దవాళ్ళ నవల ఒకటి ఉంది. నాలుగొందల పేజీలు, తుఫాను, ఓడ మునక. పదేళ్ళలో దాన్ని పట్టుకెళ్ళినవాడు ఒక్కడే. రెండొందల పదహారో పేజీ మూల అక్షరాలు కొంచెం వంకరపోయి ఉన్నాయి.

'ఇక్కడ నన్నెవరైనా ఒళ్ళోకి తీసుకుంటే బాగుండు.'