అరవై వాట్ల వేడి

గరివిడిలో మాకు ట్యూషన్ చెప్పిన అక్క, బడి నుంచి వచ్చి తాళం తియ్యగానే చీకటి గదిలో వేలాడే బల్బుని ముందు తాకేది. ఆరిపోయినా ఇంకా వెచ్చగా ఉంటే, బావ అప్పుడే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి వెళ్లాడన్నమాట. ఆ చేత్తోనే సుద్దముక్క పట్టుకునేది.

"వోల్టేజీ వర్గాన్ని అరవై వాట్లతో భాగిస్తే రెసిస్టెన్సు వస్తాది. ఆ పవర్లో వెలుగు కొంచెమేరా, మిగతాదంతా వేడే."

ఒకరోజు బావ ఆ బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టి వెళ్లాడు. అక్క దాన్ని తాకింది. చల్లగా ఉన్నట్టుంది, చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత, అరవై బదులు తొమ్మిది వాట్లు వాడితే ఎంత పవరు ఆదా అవుతుందో మా చేత లెక్క కట్టించింది.

మర్నాడు వెళ్లేసరికి అక్క మళ్లీ పాత బల్బే పెట్టేసింది.

"నువ్వు బల్బు తాకి సూస్తావని బావకి సెప్పలేదా అక్కా?" అన్నాను.

"కనబడితే కదరా సెప్పడానికి" అంది.