వాన చప్పుడు చేసే రీలు

సెలెస్టీన్ పొద్దున్నే చికోరీ కలిపిన కాఫీలో నిన్నటి రొట్టె ముంచుకు తిని, కిటికీ దగ్గరి బల్ల మీద పాత దిండుగలీబు పరిచేది. దాని మీద ఎడమ నుంచి కుడికి వరసగా సాసర్లు పేర్చేది. సిలువ గుర్తు వేసుకుని, ఆ రోజు శుభ్రం చేయాల్సిన రీలును పిట్టపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లోకీ తీసుకునేది. గాలపు కర్రకు బిగించి దారం చుట్టే ఆ చిన్న యంత్రంలో ఒక్కో మర విప్పుతూ, ఫ్యాక్టరీలో తన పక్కన కూర్చుని పనిచేసి, ఇప్పుడు దేవుడి దగ్గరికి వెళ్ళిపోయిన ఆడవాళ్ళను తలుచుకునేది. ఓదిల్, ఫిలొమెన్, రోజ్‌మారీ... రీలులో మరలెన్నో, పోయిన స్నేహితురాళ్ళూ అంతమందయ్యారు.

పదిహేనో ఏట ఆ ఫ్యాక్టరీలో చేరింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు రీళ్ళు బిగించింది. గేటుకు తాళం పడ్డాక, ఫ్రాన్సు కొండల నడుమ ఆ ఆర్వ్ లోయలో ఎవరి అటక మీద పాత రీలు దొరికినా ఆమె బల్ల మీదికే వచ్చేది. మార్చిలో ట్రౌట్ చేపల వేట మొదలయ్యే లోపల అన్నీ సిద్ధం చేసి ఇచ్చేది. ఎవరో ఒక తేనె సీసా, ఎవరో గుప్పెడు అక్రోట్లు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవారు.

పక్క మూత తీస్తే లోపల గ్రీజు ముదురు పాకంలా గడ్డకట్టి ఉండేది. పళ్ళ చక్రాలన్నీ కిరసనాయిల్లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచేది. చక్రం పళ్ళకు ఆవగింజంత కొత్త గ్రీజు, ఇరుసుకు ఒక్క చుక్క నూనె. చక్రాల అడుగున ఉల్లిపొరలంత పల్చని వాషర్లు ఉంటాయి. అవి ఎన్ని పడాలో ఏ కాగితమూ చెప్పదు, ఒక్కో రీలుకు ఒక్కో లెక్క. ఆ లోయలో ఆడవాళ్ళు దాన్ని చెవితో తేల్చేవారు. రీలును చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు పిడి తిప్పితే, సరిగ్గా కుదిరినది ఊరవతలెక్కడో వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. వాషరు తక్కువైతే ఆ వానలో గులకరాళ్ళు దొర్లుతాయి. చేప బరువు పడితే తప్ప ఆ తేడా చేతికి తెలియదు.

రెండు శీతాకాలాలుగా సెలెస్టీన్ చుట్టూ లోకం మెత్తబడుతూ వచ్చింది. మంచు పడ్డప్పుడు చప్పుళ్ళను అది తాగేస్తుంది కదా, అలాగే అనుకుంది. మంచు కరిగాక కూడా గుడిగంట దూదిలో చుట్టినట్టే మోగింది. కొత్తగా వచ్చిన కుర్రవాడు తాడు మెల్లగా లాగుతున్నాడనుకుంది. రీలు చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం వాన వినిపిస్తూనే ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్ళ వాన ఆమె తలలో ఇంకా కురుస్తూనే ఉంది మరి.

ఆ శీతాకాలం ఏడు రీళ్ళు చేసి ఇచ్చింది. అందులో ఒకటి ఆమె భర్త జుస్తాన్‌ది. ఆయన పోయాక తమ్ముడు అంతెల్మ్ దగ్గరికి చేరింది.

వేట మొదలైన మర్నాడు, ఆదివారం పూజ అయ్యాక, సెలెస్టీన్ ఏటిగట్టుకు వెళ్ళింది. నీళ్ళ మీద పొగమంచు పాలపొంగులా కదులుతోంది. గట్టు అంచున ఆ మంచులో అంతెల్మ్ నడుము పైనుంచి మాత్రమే కనిపిస్తున్నాడు, మబ్బులో నిలబడి గాలం వేస్తున్నట్టు.

"ఎలా ఉంది మీ అన్న రీలు?" అంది.

"వెన్నపూసే అనుకో వదినా!" అన్నాడు గట్టిగా.

"అరవకు, చేపలు పారిపోతాయి. అయినా నీ మోకాళ్ళు చూసి జాలిపడి అవే గట్టెక్కుతాయిలే."

అంతలో కర్ర వంగింది. అంతెల్మ్ కంగారులో కర్ర ఆమె చేతుల్లో కుక్కి, వలబుట్ట పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. "చుట్టు వదినా! చుట్టు తల్లీ, చూస్తావేం!"

ఆమె చుట్టింది. చేప బరువు పడగానే ఇసుక నమిలినట్టు ఆమె వేళ్ళకు తెలిసింది. చేయి ఆగిపోయింది. దారం వదులైంది. చేప వెళ్ళిపోయింది.

"పోనీలే," అన్నాడు అంతెల్మ్.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"ఎలా?"

"ఈస్టరు ముందరి తపస్సు రోజులివి, అబద్ధాలాడకు. అది కర్రుమంటోంది కదూ? నీకు వినిపిస్తోంది కదూ?"

అంతెల్మ్ వలబుట్ట వంచి నీళ్ళు కార్చాడు. "తెచ్చిన రోజు నుంచే. నీకెలా చెప్పను? ఆ బల్లే కదా నీకు అన్నీ."

అప్పుడు ఆమెకు చాలా సంగతులు ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. రొట్టెల కొట్టావిడ ఈ మధ్య బల్ల దాటి దగ్గరికొచ్చి మాట్లాడుతోంది. ఫాదర్‌గారు సువార్త చదివేటప్పుడు తన వైపు తిరిగి, పెదాలు బాగా కదిలిస్తున్నారు. అంతెల్మ్‌కు వయసు మీదపడి గొంతు పెరిగిందనుకుంది. ఊరంతా తనకు తెలియకుండా తన కోసం గొంతు పెంచింది.

ఇంటికొచ్చి కిరసనాయిలు డబ్బా వంచి చూసింది. అడుగున చేపపొలుసులా ఒక వాషరు అంటుకుని ఉంది. పాత గ్రీజుకు రెండు వాషర్లు అతుక్కుని ఒకటిలా కనిపించి ఉంటాయి, నానాక ఒకటి జారిపోయి ఉంటుంది. చెవులున్న రోజుల్లో అయితే మొదటి తిప్పుకే పట్టేసేది.

"ఏముంది, ఇది వేసేస్తే సరి," అన్నాడు అంతెల్మ్ గుమ్మంలో నిలబడి.

"ఇంకా ఆరున్నాయి కదా. వాటిల్లో ఎన్ని ఇలా కర్రుమంటున్నాయో నాకేం తెలుసు? ఆరిళ్ళవాళ్ళూ నీలాగే నోరు మూసుకుని ఉంటారు, పాపం."

ఆమె ఆ వాషరును తుడిచి సాసర్లో పెట్టింది. బయట పొగమంచు కిటికీకి ముఖం ఆనించింది.

"అంతెల్మ్, నాకో సాయం చెయ్యి. ఆ ఆరిళ్ళకూ వెళ్ళి రీళ్ళు పట్టుకురా. సెలెస్టీన్‌కు చెవులు పోయాయని, ఇన్నాళ్ళూ ఆ సంగతి తనకు తానే ఒప్పుకోలేదని వాళ్ళకు నువ్వే చెప్పు. నేనే చెప్పాలి గానీ, నా వల్ల కావట్లేదు."