మామయ్యగారి మిరప వ్యూహం

మండల పార్టీ అధ్యక్షులు, నాకు స్వయానా మేనమామ అయిన పెద్దమనిషి గత గురువారం గుంటూరు ఆసుపత్రిలో గుండెపోటుతో కన్నుమూశారని పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాను. పల్లె ఓటరును తిరిగి పార్టీ వైపు తిప్పే మార్గం కనిపెట్టిన ఘనత ఆయనది. ఆ సంగతి పల్లె ఓటరుకు ఇంకా చేరలేదు.

కిందటి ఎన్నికల్లో మా ప్రత్తిపాడు వైపు ఊళ్ళన్నీ పార్టీని కాదన్నాయి. కారణాలు వెతికే సంఘం గుంటూరులో ఒక ఏసీ హోటల్లో సమావేశమై, తప్పు ఓటరుదేనని, అయినా పెద్దమనసుతో క్షమించాలని తీర్మానించింది. క్షమించే బాధ్యత మామయ్యకు అప్పగించారు. ఆయన నిష్ఠగా స్వీకరించారు. ఊరి పొలిమేరలో కారాపి ప్యాంటు విప్పి పంచె కట్టేవారు. తిరుగు ప్రయాణంలో అక్కడే పంచె విప్పేవారు. “రైతు ఏమడిగాడన్నది కాదురా, మనం వింటున్నట్టు కనబడ్డామా లేదా అన్నదే ముఖ్యం” అని నాకు బోధించేవారు. ఆయన ఏ రైతు మీదా విసుక్కోలేదు. వినని మనిషికి విసుగు రాదు.

మిరప మొదటి కోత నాడు రాష్ట్ర నాయకుణ్ణి కాలువ చివరి ఊరికి తీసుకొచ్చారు. కల్లంలో ఆరబోసిన కాయలను నాయకుడు ఫొటోల కోసం రెండు చేతులా తిరగేసి, అదే చేత్తో ముఖం తుడుచుకున్నారు. మా వైపు పసిపిల్లలు కూడా చేయని పని అది. కళ్ళు ధారలు కట్టాయి.

“తుడుచుకోకండి సార్, ఫొటో పడనివ్వండి!” అన్నారు మామయ్య.

ఆ కల్లం ఒక కౌలు రైతమ్మది. “అయ్యా, రెండో కోత కాయ చెట్టు మీదుంది. ఒక్క తడి పడితే నిలబడుద్ది. కాలవ ఎప్పుడొదుల్తారండి?” అంది.

“చూడమ్మా, మీ కష్టం చూసి సారు ఎట్టా ఏడుస్తున్నారో!”

“కష్టమా పాడా, కారం తగిలింది. ఒసేయ్, ఎవరన్నా కాస్త మజ్జిగ తెండే! నువ్వు కాలవ సంగతి చెప్పవయ్యా ముందు.”

మర్నాడు పేపర్లో కన్నీటి ఫొటో వచ్చింది. అప్పటినుంచి నాయకుల పర్యటనల్లో కల్లం సందర్శన తప్పనిసరి అయింది. పత్తి ఊళ్ళకు తగిన ఏర్పాటు మాత్రం చివరిదాకా దొరకలేదు. “పత్తి ఎవర్నీ ఏడిపించదురా, అదే చిక్కు” అన్నారొకసారి. పురుగుమందు తాగి పోయిన రైతు ఇంటి ముందు నుంచి మా కారు వెళుతోంది అప్పుడు.

కాలువ కోసం ఆ రైతమ్మ మా ఇంటికి వస్తూనే ఉండేది. ప్రతిసారీ మామయ్య కాఫీ ఇప్పించి, విషయం పరిశీలనలో ఉందని చేతులు జోడించేవారు. నీళ్ళు రాలేదు.

సంస్మరణ సభ నిన్న ఆ ఊళ్ళోనే పెట్టారు. ఆయన చూపిన బాటలోనే నడుస్తామని నాయకులు మైకులో ప్రతిజ్ఞ చేశారు. నేను సంపూర్ణంగా నమ్ముతున్నాను. షామియానా పక్క చేలోనే ఆ రైతమ్మ ఎండిన మిరప చెట్లు పీకి కుప్ప వేస్తోంది. ఒక కార్యకర్త గట్టు మీదకు వెళ్ళి, “అక్కా, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి, కాసేపొచ్చి కూర్చోరాదూ” అని బతిమాలాడు.

“ఈ సాలు అయిపోవాలి, పోరా” అంది, నడుము ఎత్తకుండానే.

ఆమె పీకిన ప్రతి చెట్టుకూ, ఎర్రబడకుండానే తెల్లబారిన తాలుకాయలు గలగలమంటున్నాయి.