మురికి పట్టని కాగితం

కార్లు బాగుచేసే షెడ్డులో అతన్ని కాగితాలాయన అనేవారు. చదివేది పుస్తకాలు కాదు. కార్ల నుంచి విప్పేసిన ఆయిల్ ఫిల్టర్లు కోసి, లోపల మడతలు మడతలుగా ఉండే కాగితాన్ని బయటికి తీసి, దాన్ని చూసి ఇంజను సంగతి చెప్పేవాడు. పాత కారు కొనేవాళ్ళు బేరం ఖాయం చేసుకునే ముందు అతని దగ్గరికి వచ్చేవారు. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేశాడు. ఒక్కసారే తప్పాడు.

రంపం వాడేవాడు కాదు. "రంపంతో కోస్తే దాని పొడి లోపల పడుతుంది. తర్వాత ఏడుస్తున్నది ఇంజనో రంపమో ఎవడు చెప్పాలి?" అనేవాడు. పెద్ద డబ్బాలు తెరిచే కత్తి ఒకటి దగ్గర ఉంచుకున్నాడు. ఫిల్టరును వైసు ఇనుప దవడల మధ్య బిగించి, దాని అంచు చుట్టూ కత్తిని నిదానంగా తిప్పేవాడు. కాగితాన్ని పిండి, తెల్ల పింగాణీ పళ్ళెంలో పరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. రాగి రంగు తళుకు కనిపిస్తే బేరింగులు అరిగినట్టు. అయస్కాంతానికి అంటని తెల్ల తళుకైతే పిస్టన్లు. తళుకు లేకుండా నల్లటి జిగురే ఉంటే ఇంజను బాగున్నట్టు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ నలుపు చూసి మొహం చిట్లించేవారు.

"ఇంత మురికా?"

"మురికి పట్టడమే కదండీ దాని ఉద్యోగం. ఇక్కడ లేకపోతే ఇంజన్లో ఉండేది."

చివరగా ఫిల్టరు డబ్బా అడుగున ఉండే చిన్న మూతను బొటనవేలితో నొక్కేవాడు. కాగితం పూడుకుపోయిన రోజున ఇంజను ఎండిపోకుండా, ఆ మూత తెరుచుకుని నూనెను వడకట్టకుండానే పంపిస్తుంది. మిగతా రోజుల్లో అది మూసుకునే ఉండాలి. నొక్కితే లోపలికి వెళ్ళాలి, వదిలితే స్ప్రింగు మీద పైకి రావాలి. నొక్కిన ప్రతిసారీ వచ్చేది. చెడిపోయిన మూత ఒక్కటి కూడా అతను చూడలేదు.

మంచి ఇంజనుకు "ఫర్వాలేదు" అనేవాడు. చెడ్డదానికి "ఆలోచించుకోండి". అంతకు మించి మాట లేదు. కోసిన ఫిల్టరును పాత న్యూస్‌పేపర్లో చుట్టి, పైన బండి నంబరు రాసి, ఏడాదిపాటు అరలో ఉంచేవాడు. ఎవరైనా తగాదాకు వస్తే చూపించడానికి. ఎవరూ రాలేదు.

పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "కుదరలేదు" అనేవాడు, బోల్టు గురించి చెప్పినట్టు. మేడ మీద ఒక గది. మంచం, స్టవ్వు, గోడకు అద్దం. ఆదివారాలు చెల్లెలి ఇంటికి వెళ్ళేవాడు. ఆమె గుమ్మంలోనే సబ్బు అందించేది.

"ముందు ఆ చేతులు కడుక్కో అన్నయ్యా. తలుపు ముట్టుకున్నావంటే నీ వేలిముద్రలు వారం రోజులు వదలవు."

"ఉండనీ. దొంగలు వచ్చినా, ఎవరో ముందే వచ్చి వెళ్ళారనుకుంటారు."

చెల్లెలు అతనికంటే పన్నెండేళ్ళు చిన్న. నలభై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. చుట్టుపక్కల పిల్లల్ని బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని పెట్టుకోవాలని ఆమె ఆశ. భర్త నవ్వాడు. "పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతావు. నీకు కారు అప్పగిస్తే పిల్లల్ని ఏ ఊళ్ళో దింపుతావో!" లైసెన్సు వచ్చిన రోజున ఆమె దాన్ని భర్త అన్నం పళ్ళెం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కారును ఆమే వెతుక్కుంది. షెడ్డుకు తీసుకొచ్చింది. ఫిల్టరు మీద, దాన్ని బిగించినవాళ్ళెవరో తెల్ల రంగుతో తేదీ రాశారు. పదకొండు నెలల కిందటిది. అతను విప్పాడు, కోశాడు, పళ్ళెంలో పరిచాడు. చెల్లెలు హ్యాండ్‌బ్యాగు రెండు చేతులా పట్టుకుని పక్కనే నిలబడింది.

రాగి తళుకు లేదు. తెల్ల తళుకు లేదు. అయస్కాంతం ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. మడతలన్నీ విప్పాడు. కాగితం లేత టీ రంగులో ఉంది.

"ఏమైంది అన్నయ్యా? మాట్లాడవేం? ఆపరేషన్ గదిలోంచి వచ్చిన డాక్టర్లా ఆ మొహమేంటి?"

అతనికి నవ్వొచ్చింది. పనిలో ఉండగా అతను నవ్వడం అరుదు. డబ్బా అప్పటికి చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"కొనుక్కో," అన్నాడు.

అవతల ఒక కారు కింద పడుకున్న మేస్త్రి తల బయటపెట్టాడు. "బాబాయ్ నోట్లోంచి ఆ మాటా! అక్కా, వదలొద్దు. రాయించుకుని సంతకం పెట్టించుకో."

కొత్త నూనె, కొత్త ఫిల్టరు అతనే వేశాడు. ఆమె సీట్లకు నీలంరంగు గుడ్డతో కవర్లు కుట్టింది. నాలుగు నెలలు నడిపింది. ఉదయం మూడు ట్రిప్పులు, సాయంత్రం మూడు. ఏ పిల్లాడికి బండిలో తల తిరుగుతుందో, ఎవడు నీళ్ళ సీసా మర్చిపోతాడో ఆమెకు తెలుసు. ఆదివారాలు అన్నయ్యతో వేరే మాట ఉండేది కాదు. భర్త కూడా ఒకసారి ఆ కారులో ఆఫీసుకు వెళ్ళాడు. వెనక సీట్లో కూర్చున్నాడు.

ఐదో నెలలో, వంతెన ఎక్కే చోట, పిల్లలతో ఉండగా ఇంజను టకటకమని కొట్టుకుని బిగుసుకుపోయింది. వెనక నుంచి వస్తున్న బస్సు చివరి క్షణంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాటి నుంచి ఎవరూ పిల్లల్ని పంపలేదు.

డాష్‌బోర్డు మీద నూనె గురించి హెచ్చరించే ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరిందని, బడి రెండు వీధుల దూరంలోనే ఉంది కదా అని ఆపలేదని ఆమే చెప్పింది. అడక్కుండానే చెప్పింది. భర్తకు అది చాలు.

"నూనె చూసుకోవాలన్న ఇంగితం ఉండక్కర్లేదా? పసిపిల్లలు బస్సు కింద పడేవాళ్ళు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

ఆమె వంతెన మీదికి బస్సు వచ్చే చప్పుడు తలుచుకుని భోజనం మధ్యలో లేచిపోయేది.

షెడ్డులో ఇంజను విప్పారు. నూనె సరిపడా ఉంది. మేస్త్రి బేరింగు ముక్కను గుడ్డతో తుడిచి కాగితాలాయనకు అందించాడు. మాడిన మచ్చ కింద గీతలున్నాయి. దగ్గర దగ్గరగా, గరుకు కాగితంతో గీసినట్టు. ఎర్ర దీపం వెలిగిన రోజున పడినవి కావు. నాలుగు నెలల్లో పడినవీ కావు. మురికి నూనె చాలాకాలం తిరిగితే పడతాయి.

"పాత గీతలు బాబాయ్," అన్నాడు మేస్త్రి.

"చూశాను."

"మరి ఆ రోజు కాగితం..."

"చూశానన్నాను కదరా."

అరలోంచి ఆ పొట్లం తీశాడు. డబ్బా అడుగు పైకి తిప్పి మూతను బొటనవేలితో నొక్కాడు. కదల్లేదు. అది అప్పటికే తెరుచుకుని ఉంది. అంచులో బూడిదరంగు జిగురు ముక్క, గోరంత, ఇరుక్కుని ఉంది. ఎప్పుడో ఎవరో ఇంజను అతుకులకు పూసిన జిగురు ఊడి వచ్చి అక్కడ చేరింది. పదకొండు నెలలు నూనె ఆ సందులోంచే పోయింది. కాగితం పని చేయలేదు. అందుకే శుభ్రంగా ఉంది.

పదకొండు నెలల ఫిల్టరు అంత శుభ్రంగా ఉండకూడదు. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ అతను చెప్పిన మాట అది.

ఆ మధ్యాహ్నమే పొట్లం పట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. ఆదివారం కాదు. సబ్బు కోసం ఆగలేదు. ఆమె నీలం కవర్ల కుట్లు విప్పుతోంది. ఆ గుడ్డ దిండ్లకు పనికొస్తుందని చెప్పింది. ఆ రోజు సెలవు పెట్టిన భర్త కుర్చీలో ఉన్నాడు.

అతను నేల మీద కూర్చుని న్యూస్‌పేపరు విప్పి, పైన కాగితం పరిచాడు.

"తప్పు నాది. నీది కాదు. నువ్వు కొనేనాటికే ఇంజను పోయింది. నేను చూడాల్సింది చూడలేదు."

మూత చూపించాడు. జిగురు చూపించాడు. నూనె ఎటు పోవాలో, ఎటు పోయిందో వేలితో గీసి చెప్పాడు. అంతసేపు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. రెండుసార్లు మొదటికి వచ్చాడు.

ఆమె వంగి చూసింది.

"ఎంత శుభ్రంగా ఉంది అన్నయ్యా," అంది.

"అదేనమ్మా నేను చెప్పేది."

"నువ్వు కొనుక్కోమన్నదీ ఇది చూసే కదా. నువ్వు ఎవరితోనైనా ఆ మాట అన్నావా ఎప్పుడైనా?"

"అనకూడదు. అనకుండా ఉండాల్సింది."

"చిన్నప్పుడు నేను నీ సైకిలు గోడకు గుద్దితే, బ్రేకు తెగిందని నాన్నతో చెప్పావు. నన్ను కొడతారని. గుర్తుందా?"

"అది వేరు."

"ఇదీ అంతే."

"కాదే పిచ్చిదానా. ఇది నిజం."

భర్త కుర్చీలోంచి ముందుకు వంగి కాగితం చూశాడు. "బావగారూ, చెల్లెల్ని వెనకేసుకు రావచ్చు, కాదనను. కానీ ఇలాంటిది పట్టుకొస్తే ఎలా? కడిగి ఆరేసినట్టుంది. ఇంత మంచి ఇంజన్ని ఈవిడ నాలుగు నెలల్లో తినేసింది."

కాగితాలాయన నోరు తెరిచాడు. మేస్త్రిని పిలిపిస్తానన్నాడు. బేరింగు తెచ్చి చూపిస్తానన్నాడు.

"వద్దు అన్నయ్యా," అంది చెల్లెలు. ఆమె గొంతులో కోపం లేదు. అతని మీద జాలి ఉంది. "నాకోసం షెడ్డులో నీ పేరు పోగొట్టుకోకు. దీపం వెలిగింది. నేను ఆపలేదు. అంతే."

లేచి, అలమరలో చీరల కింద ఉన్న లైసెన్సు తీసి భర్త చేతికిచ్చింది. "మీ కాగితాల్లో పెట్టండి. నా దగ్గరుంటే ఎక్కడో పారేస్తాను."

భర్త తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

కాగితాలాయన పొట్లం కట్టాడు. మడత సరిగా రాలేదు. ఒక మూల బయటే ఉండిపోయింది. అతను లేచిన చోట, న్యూస్‌పేపరు కింద నూనె దిగి ఉంటుందేమోనని ఆమె తడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడిచి, గుడ్డ తిప్పి అతని మొహం ముందు పెట్టింది.

"చూడు. మరక కూడా అంటలేదు."