క్లచ్ తొక్కితే ఆగే చప్పుడు

మా బండికి వణుకు పట్టుకుంది. న్యూట్రల్‌లో నిలబెడితే చాలు, సీటూ స్టీరింగూ, ముందు పెట్టుకున్న నా సుద్దముక్కల డబ్బా అన్నీ గడగడలాడేవి. ఇంజను ఆపినప్పుడు కింద ఎవరో గుద్దినట్టు ధడేలుమనేది. ఇవి చాలవన్నట్టు లోపలెక్కడో గలగలమని ఒక చప్పుడు. క్లచ్ తొక్కితే అది ఆగిపోయేది, వదిలితే మళ్ళీ మొదలయ్యేది. ఈ సంగతి మొదటిరోజే కనిపెట్టాను. నేను లెక్కల టీచర్‌ని. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే ఏ బెంచీలో ఎవరు గుసగుసలాడుతున్నారో చెప్పగలను.

డీజిల్ బండి అది, ఇంకొకరు వాడింది, నా జీతంతో కొన్నది. ఆర్‌సీ మాత్రం మా ఆయన పేరున ఉంది. ఎందుకని అడిగితే, అదంతేనంటారు ఇంట్లో. ఆయనకు చింతామణిలో ఎరువుల అంగడి, ఇంటి నుంచి నడిచే పోతాడు. నా హైస్కూలు, మా కర్ణాటక వైపు ప్రౌఢశాలె అంటాం, చాకవేలు పక్కన. బండి లేకపోతే రెండు బస్సులు మారాలి, చీకటితో లేవాలి, ఎవరి మోచెయ్యో డొక్కలో గుచ్చుకుంటుంటే నిలబడే పోవాలి. పదకొండేళ్ళు అలా తిరిగాను. ఇంకొక్క ఏడాది కూడా నావల్ల కాదు. అందుకే మా ఆయన "రెండు చోట్ల చూపిస్తాను, బాగు కాకపోతే అమ్మేద్దాం" అన్నప్పుడు నాకు గుండెల్లో రాయి పడింది.

మొదట చిక్కబళ్ళాపురం పోయాం. పెద్ద షెడ్డు, నేలంతా టైల్సు. మెకానిక్ వచ్చి మా ఆయన్ని చూసి, "ఏం ప్రాబ్లం సార్?" అన్నాడు. తాళం నా చేతిలో ఉంది. డ్రైవర్ సీట్లోంచి దిగింది కూడా నేనే.

"న్యూట్రల్‌లో వణుకుతాది. క్లచ్ తొక్కితే చప్పుడు ఆగిపోతాది" అన్నాను.

అతను మా ఆయన వైపే చూస్తూ నిలబడ్డాడు. మా ఆయన గొంతు సవరించుకుని, "న్యూట్రల్‌లో వణుకుతాదంట. క్లచ్ తొక్కితే చప్పుడు ఆగిపోతాదంట" అన్నాడు.

"ఓహో, అట్లనా సార్."

నేను మాట్లాడింది తెలుగే. మా ఆయన చెప్పిందీ తెలుగే. పొల్లు పోకుండా అవే మాటలు, చివర ఒక 'అంట' తగిలించాడు, అంతే. ఆ తోక లేకపోతే నా మాట అతని చెవిలోకి దిగదన్నమాట. నాకు ఒళ్ళు మండింది.

"మేడమ్ క్లచ్ మీద కాలు పెట్టుకొనే నడుపుతారేమో సార్" అన్నాడు మెకానిక్.

"లేదు" అన్నాను.

"లేదంట" అన్నాడు మా ఆయన.

ఇంజను కింద ఆనించే రబ్బరు మౌంటింగులు పోయాయని తేల్చి అవి మార్చాడు. వణుకు ఇసుమంతైనా తగ్గలేదు.

రెండోది చింతామణిలో, అంగడికి నాలుగు సందుల అవతల. ఆరోజు ఎరువుల లోడు దిగుతోందని మా ఆయన రాలేదు. ఒక్కదాన్నే పోయాను. "సార్ రాలేదా?" అని మెకానిక్ నా వెనకాలకు తొంగిచూశాడు. రాలేదన్నాను. అతను నెంబరడిగి, మా ఆయనకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బానెట్ మీద ఉంచాడు. నేను బానెట్ పక్కన నిలబడి చెప్పాను. అంగట్లో మూటలు మోసేవాళ్ళ కేకల మధ్య మా ఆయన విని, "క్లచ్ తొక్కితే ఆగిపోతాదంట" అని తిరిగి చెప్పాడు. మెకానిక్ తలూపాడు. మా ఇద్దరి మధ్య దూరం మూరెడు. నా మాట నాలుగు సందులు తిరిగి అతనికి చేరింది.

డీజిల్ మంచిది కాదని ఇంజెక్టర్లు విప్పి కడిగాడు. తర్వాత ఫోన్‌లో, "సార్, బండికి దిష్టి తీయించినారా?" అని అడిగాడు. నిమ్మకాయా మిరపకాయలూ ముందర కట్టి పంపాడు. బండి స్టార్టు చేస్తే అన్నిటికంటే ఎక్కువ ఆ నిమ్మకాయే ఎగిరింది.

ఇక అయిపోయింది. ఆదివారం పదింటికి బండి చూడ్డానికి ఒకాయన వస్తున్నాడని మా ఆయన చెప్పేశాడు. వణికినా సరే, నా బండి నాకు కావాలి.

శనివారం ఒంటిపూట బడి. మా బడిలో డ్రిల్ మాస్టరు బాగేపల్లిలో ఒక ముసలాయన గురించి చెప్పాడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడట, చెవులు వినపడవట. ఇంటికి పోకుండా నేరుగా అక్కడికి పోయాను. రేకుల షెడ్డు. ఇప్పటిదాకా చూసినవాళ్ళకు చెవులుండీ ఏం లాభం కలిగిందని ధైర్యం చేశాను.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నాకు వినపడదమ్మా" అన్నాడు, ఊరంతా వినపడేట్టు. "ట్రాక్టర్ల పక్కనే బతుకంతా అయిపాయ. చెయ్యి పెడితే వణుకు తెలుస్తాది గాని చప్పుడు తెలీదు. నీకేం వినపడతాందో నువ్వే చెప్పల్ల."

చెప్పడానికి నోరు తెరిచాను గానీ, చెప్పినా ఆయనకు వినపడదు కదా. చివరికి సైగలు కుదుర్చుకున్నాం. పిడికిలి బిగిస్తే చప్పుడు ఉన్నట్టు, అరచెయ్యి చాపితే లేనట్టు. ఆయన గేరురాడ్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు, కళ్ళు తెరిచి నా చెయ్యి చూసేవాడు. "తొక్కు" అంటే తొక్కాను, అరచెయ్యి. "వదులు" అంటే వదిలాను, పిడికిలి. తర్వాత కింద దూరి గేరుబాక్సుకు చెయ్యి ఆనించి తల మాత్రం బయట పెట్టాడు. కిటికీలోంచి మళ్ళీ అరచెయ్యి, మళ్ళీ పిడికిలి చూపించాను. ట్రాక్టర్ కోసం వచ్చి కూర్చున్న ఇద్దరు రైతులు మమ్మల్ని చూసి బీడీలు ముట్టించడం కూడా మరిచిపోయారు. నాకేమో ఆ పావుగంటా ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళలో నన్ను అడిగినవాడు ఆయనొక్కడే.

"ఫ్లైవీల్ పోయిండాది" అన్నాడు లేచి.

సాయంత్రానికి గేరుబాక్సు దించి, ఆ ఇనుప చక్రాన్ని గోనెసంచి మీద పడేశాడు. "ఇవి రెండు పళ్ళాలమ్మా. నడుమ స్ప్రింగులుంటాయి, ఇంజను కుదుపును అవి మింగుతాయి. ఇవి సచ్చిపోయినాయి." పై పళ్ళెం పట్టుకుని తిప్పితే అడ్డూ అదుపూ లేకుండా తిరిగింది.

మార్చేయమన్నాను చేత్తో. ఆయన గోనెసంచితో చేతులు తుడుచుకున్నాడు. "పెద్ద సామానమ్మా, బెంగళూరు నుంచి రావల్ల. సోమవారం దాకా బండి కదల్దు. బండి ఎవురి పేర్న ఉండాది?"

మా ఆయన పేరున ఉందని సైగ చేశాను.

"అట్లయితే ఆయప్పను ఒక మాట అడగల్ల."

ఈయన కూడానా అనిపించింది. ఫోన్ చేశాను. "యాడుండావు? రేపటికి బండి కడిగియ్యల్ల" అన్నాడు మా ఆయన. సంగతి చెప్తే, "నిన్నెవురు విప్పించమనింది? ఆ మెకానిక్‌కియ్యి ఫోను" అని కసిరాడు. ఇచ్చాను. ముసలాయన ఫోన్ ఒక చెవికి పెట్టుకున్నాడు, ఇంకో చెవికి పెట్టుకున్నాడు, తలకిందులుగా తిప్పి చూశాడు. తర్వాత నా చేతికే ఇచ్చేశాడు. "నాకేం తెలీడం లేదు. ఆయప్ప ఏమంటాండాడో నువ్వే చెప్పమ్మా."

ఫోన్‌లో మా ఆయన విసుగ్గా, "ఏమీ చేయొద్దను. ఉన్నదున్నట్టు బిగించి ఇచ్చేయమను. రేపు అమ్మేది ఉండాదని చెప్పు" అన్నాడు.

ముసలాయన నా మొహం వంకే చూస్తున్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, రెండో చేత్తో గోనెసంచి మీది ఫ్లైవీల్‌ను చూపించి, తీసి కొత్తది పెట్టేయమన్నట్టు చెయ్యి తిప్పి, గట్టిగా తలూపాను.

"సరేమ్మా" అని ఆయన స్పానర్ తీసుకున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు మా ఆయన.

"సరేనన్నాడు" అన్నాను.