మా అమ్మ సున్నం వేయనివ్వని గోడ

పశువుల డాక్టరు ఇచ్చిన బూజు మందు పొట్లం చింపి నీళ్లలో కలిపితే, వానకు తడిసి ముక్కిన గడ్డి వాసన కొట్టింది. గొడ్డును పట్టి నెత్తురు తాగే పిడుదుల ఒంటి మీద మొలిచి, లోపలికి దిగి, వాటిని చంపే బూజట. పొద్దు వాలాక గేదె చెవుల వెనక, పొదుగు పక్కన రుద్దమన్నాడు. రుద్దుతుంటే నాకు ఒళ్లు మండుకొచ్చింది. డాక్టరు మీద కాదు.

రెంటచింతల పక్కన మా పుట్టింటి కొట్టంలో ఇదే వాసన ఉండేది. మట్టి గోడలు, గడ్డి కప్పు, శ్రావణంలో నాలుగు వానలు పడితే చాలు, నేలంతా చెమ్మ, నానిన చిట్టు, పేడ, అమ్మ ఉడకబెట్టే ఉలవల ఆవిరి, అన్నీ కలిసి ముక్కులో కూర్చునేవి. బడి మొహం చూడని మాకు పిడుదులు ఏరడమే ఆట. శనగగింజంత పిడుదును పీకి నిప్పుల్లో వేస్తే టప్పున పేలేది. ఎవరిది గట్టిగా పేలితే వాళ్లకు అమ్మ ఇంకో గుప్పెడు జొన్నపేలాలు పెట్టేది.

పడమటి గోడకు మాత్రం అమ్మ సున్నం వేయనిచ్చేది కాదు. రక్తం తాగి రాలిన పిడుదులు ఆ గోడ పగుళ్లలో దూరేవి. వానాకాలం వాటికి తెల్ల బూజు పట్టి, పిండిలో దొర్లించినట్టయి అక్కడే బిగుసుకు చచ్చేవి. ఆ బూజు మిగతా వాటికీ అంటాలని అమ్మ వాటిని పుల్లతో గీరి మిగతా పగుళ్లలో కుక్కేది.

ఒక దసరాకు మా మేనత్త దాచేపల్లి నుంచి వచ్చి ఆ గోడ చూసింది.

"ఏమే, గోడకి బూజు పట్టినా నీకు చేతులు రావా? మా తమ్ముడి పరువు తీస్తన్నావు."

"ఉండనీ వదినా, పిడుదులు దానికే చస్తన్నయ్యి."

"చస్తన్నయ్యంట! ఇంక నీకు మొగుడెందుకు, బూజుతోనే కాపరం చెయ్యి."

ఇంట్లో బూరెలు వేగుతుంటే, కొట్టంలో అత్త తన చేత్తోనే సున్నం వేసింది. నాన్న బకెట్ మోశాడు.

మరుసటి వానాకాలం ఆ గోడ మీద తెల్లబడ్డ పిడుదు ఒక్కటి లేదు, చూడిగేదె ఒంటి మీద పిడుదు లేని సందు లేదు. నాన్న పత్తికి కొట్టే మందు తెచ్చి గుడ్డతో దానికి పూశాడు. అడ్డం వెళ్లిన అమ్మను తోసేశాడు. గేదె ఒళ్లు నాక్కుంది. నోట నురగ కక్కుతూ, కాళ్లు కొట్టుకుంటూ, కడుపులో దూడతో సహా పోయింది.

"దీని మురికికే గొడ్డు పోయింది" అని అత్త ఊరంతా చెప్పింది. మందు పూసిన మొగాడు నోరెత్తలేదు. ఆనాటి నుంచి మా అమ్మ బూజు కోటమ్మ. కాటికి మోసేటప్పుడు కూడా అదే పేరు.

ఆ అత్త కొడుక్కే నన్నిచ్చారు. ఆయన పోయాడు, ఆవిడ ఉంది. ఇప్పుడు ఊళ్లో మట్టి గోడ లేదు. సిమెంటు గోడలు, రేకులు. ఆ సెగకు బూజు నిలవదని గోనెసంచులు తడిపి కట్టాల్సి వస్తోంది. డాక్టరు చెప్పిందంతా మంచంలోంచి విన్న అత్త, "చానా చదివినోడు, ఆయన చెప్పినట్టు రుద్దవే" అంది.

"ఇది మా అమ్మ గోడ మీదిదే అత్తా."

"చచ్చినోళ్ల సంగతి ఇప్పుడేందే?"

"కోటమ్మ అను. పేరు ముందు ఆ బూజు తగిలించకుండా, ఒక్కసారి అను. అప్పుడు పెడతా అన్నం."

అటు తిరిగి పడుకుంది. కంచం కడిగి బోర్లించాను.