ఉప్పుమళ్ళలో బదులిచ్చిన ఈల

రోజూ పొద్దున్నే అద్దంలో నా మొహం చూసుకుని కూడా జడుసుకోనివాణ్ణి నేను. అలాంటివాడు దెయ్యాల్ని నమ్ముతాడా? బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది. దెయ్యాల పాఠం ఎనిమిదిలో ఉందేమో, మనదాకా రాలేదు.

విజయనగరంలో ఇల్లూ వాకిలీ లేని కుర్రాళ్ళకి తిండీ పడకా ఇచ్చి, ఏదో ఒక పని నేర్పే చిన్న సంస్థలో ఉన్నాను. స్టేషన్లలో, బస్టాండుల్లో తిరిగే పిల్లల్ని వెతికి తీసుకురావడం నా పని.

మాకూ ఆ పిల్లలకీ మధ్య ఒక పద్ధతి ఉంది. ఎవర్నీ పేరు పెట్టి పిలవం. పేరు వినబడితే పోలీసులనుకునో, ఇంటివాళ్ళనుకునో పారిపోతారు. వేళ్ళు నోట్లో పెట్టి ఒక పొడుగు ఈల వేస్తాం. బదులుగా రెండు పొట్టి ఈలలు వస్తే, ‘ఇక్కడున్నాను, వచ్చి తీసుకెళ్ళు’ అని. బదులిచ్చినవాణ్ణి వదిలేసి రాకూడదు. అది సంస్థ నడిపే మేరీ అక్క పెట్టిన నియమం. ఆవిడ ఆదివారం చర్చికెళ్ళడమైనా మానుతుందేమో గానీ, ఈ నియమం మాత్రం తప్పనివ్వదు.

హుద్‌హుద్ తుఫాను పోయాక వచ్చిన ఎండాకాలం. మా దగ్గరుండే సింహాద్రి చెప్పకుండా వెళ్ళిపోయాడు. పదహారేళ్ళుంటాయి. వాడికి ఫిట్సు. మాత్రలు చాప మీదే వదిలేశాడు. పలాస రైలెక్కాడని తోటివాళ్ళు చెప్పారు. వాళ్ళమ్మ బతికున్నప్పుడు నౌపడ ఉప్పుమళ్ళలో కూలికెళ్ళేది. అమ్మ మీద బెంగ పుడితే వాడు పోయే చోటు అదొక్కటే. మాత్రలు జేబులో వేసుకుని నేనూ బయల్దేరాను.

నౌపడలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కూలీలంతా ఎండకి ఇళ్ళకి పోయారు. ఎటు చూసినా చదునుగా, తెల్లగా మళ్ళు. గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. కళ్ళు చికిలించుకుని ఈల వేశాను.

రెండు పొట్టి ఈలలు వినబడ్డాయి.

ప్రాణం లేచొచ్చింది. అటు నడిచాను. ఎవరూ లేరు. మళ్ళీ వేశాను. ఈసారి బదులు ఇంకాస్త దూరంలో, బోసిగా ఉన్న గట్టు మీంచి. పిల్లి కూడా దాక్కునే చోటు కాదది.

“ఒరే, ఆటలాడకురా, ఎండకి నా అందం పాడైపోతాది” అని అరిచాను. మళ్ళీ అవే రెండు ఈలలు, ఇంకొంచెం ముందు నుంచి. వెనక్కి పోయేవాణ్ణే. జేబులో మాత్రలు చేతికి తగిలాయి. నడిచాను.

ఆఖరి కుప్ప వెనకాల సింహాద్రి పడి ఉన్నాడు. పళ్ళు బిగుసుకుపోయాయి. మూతి పక్కన నురగ ఎండి, ఉప్పులా అట్టకట్టింది. ఫిట్సు వచ్చి చాలాసేపైందని తెలుస్తూనే ఉంది. ఆ నోట్లోంచి ఈల కాదు గదా, ఊపిరే సరిగ్గా రావడం లేదు.

వాణ్ణి భుజాన వేసుకున్నాను. రెండడుగులు వేశానో లేదో, సరిగ్గా నా వెనక, మెడకి గాలి తగిలేంత దగ్గరగా, రెండు పొట్టి ఈలలు.

తిరిగి చూడలేదు. పరిగెత్తాను. గట్టు చివరిదాకా అది నా వెనకే వచ్చింది. రోడ్డెక్కాక అక్కడే ఆగిపోయింది. ఆటో దొరికేదాకా వినబడుతూనే ఉంది, సన్నగా, విసుగు లేకుండా.

టెక్కలి ఆసుపత్రిలో సింహాద్రి బతికాడు.

గాలి అనుకుందామంటే ఆ రోజు తాటాకు కూడా కదల్లేదు. పిట్ట అనుకుందామంటే, పిట్టకి మా పద్ధతి ఎవరు నేర్పారు? చాలా రకాలుగా ఆలోచించాను. ఇప్పటికీ నాకు తెలీదు.

వాడు కాస్త తేరుకుని గంజి తాగుతుంటే, లేని ధైర్యం తెచ్చుకుని జరిగిందంతా చెప్పాను. ఉప్పుమళ్ళలో దెయ్యాలు కూడా నా ఈలకి పడిపోయాయని జోకేశాను.

వాడు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి నావైపు చూశాడు.

“మరి బదులిచ్చినోడ్ని అక్కడే ఒగ్గీసి వచ్చీసినావేటన్నా?”